కాలధనాలు – కంప్యూటర్ నకలు

పాఠ్యభాగ పరిచయం

ఈ పాఠం వ్యాస ప్రక్రియకు చెందినది. శాస్త్ర సాంకేతిక విషయాలను సామాన్య పాఠకునికి సుబోధకంగా తెలియజెప్పే వ్యాసాన్ని వివరణాత్మక వ్యాసం అంటారు. ఇంటి కంప్యూటర్‌లో దాచుకొన్న సమాచారానికి నకలు ప్రతి ఎందుకు అవసరమో, అందుకు తగిన సాఫ్ట్‌వేర్‌ను ఎంచుకొనేటప్పుడు కాలాన్ని, ధనాన్ని ఎలా తూచి చూడాలో ఈ వ్యాసం వివరిస్తుంది.

పాఠం

రాసుకొన్నదానిని కాపాడుకోవడం మనిషికి కొత్తగా వచ్చిన సమస్య కాదు. మన పూర్వులు గ్రంథాలను తాళపత్రాలపై రాశారు. తాటాకు చవక. ఊరి పొలిమేరలోనే దొరుకుతుంది. కాని చెదలు, తేమ, పురుగు దానికి శత్రువులు. అందుచేత కొన్ని తరాలకు ఒకసారి ఎవరో ఒకరు గంటం పట్టి, గ్రంథం మొత్తాన్ని కొత్త ఆకులపై తిరిగి ఎత్తి రాయవలసి వచ్చేది. అలా ఎత్తి రాసేవారు కరవైన గ్రంథాలు ఎన్నో పేరు మాత్రమే మిగిల్చి కాలగర్భంలో కలిసిపోయాయి.

తాళ్లపాకవారు మరొక మార్గాన్ని అనుసరించారు. అన్నమాచార్యుల సంకీర్తనలను వారు రాగిరేకులపై చెక్కించారు. రాగికి ధనం కావాలి. చెక్కే పనివారికి కూలి ఇవ్వాలి. ఆ వ్యయాన్ని ఒకసారి భరించిన తరువాత తరతరాలూ తిరగరాయవలసిన పని ఉండదు. తిరుమల ఆలయంలోని సంకీర్తన భండారంలో ఉండిపోయిన ఆ రేకులు 1922లో వెలుగు చూశాయి. అన్నమయ్య ముప్పై రెండు వేల సంకీర్తనలు రచించాడని ప్రతీతి. వాటిలో ఇంచుమించు 14 వేలు నేడు మనకు దక్కాయంటే అది ప్రధానంగా ఆ రేకుల పుణ్యమే.

తాటాకును ఎంచుకొన్నవాడు ధనాన్ని మిగుల్చుకొని కాలాన్ని వ్యయం చేశాడు. రాగిని ఎంచుకొన్నవాడు ధనాన్ని వ్యయం చేసి కాలాన్ని మిగుల్చుకొన్నాడు. ఇంట్లో కంప్యూటర్ ఉన్న ప్రతి కుటుంబం ముందూ నేడు ఇదే ప్రశ్న నిలిచి ఉంది. పిల్లల ఛాయాచిత్రాలు, భూమి దస్తావేజుల ప్రతులు, చదువుకు సంబంధించిన ధ్రువపత్రాలు, ఏళ్ల తరబడి రాసుకొన్న లెక్కలు అన్నీ ఇప్పుడు అందులోనే ఉంటున్నాయి. వాటికి మరొక ప్రతిని తీసి వేరొకచోట భద్రపరచడాన్ని ‘బ్యాకప్’ అంటారు. ఈ పనిని మన చేతులతో మనమే చేసుకోవచ్చు. ఉచితంగా లభించే సాఫ్ట్‌వేర్‌కు నేర్పి చేయించుకోవచ్చు. చందా కట్టి మరొకరికి అప్పగించనూవచ్చు. వీటిలో ఏది లాభం?

యంత్రం చెప్పి చెడిపోదు

కంప్యూటర్‌లో సమాచారాన్ని దాచే ప్రధాన సాధనాల్లో హార్డ్ డిస్క్ ఒకటి. 1956లో ఐ.బి.ఎం. సంస్థ తొలి హార్డ్ డిస్క్‌ను విడుదల చేసినప్పుడు అందులో 24 అంగుళాల వ్యాసం గల 50 పళ్లేలు ఉండేవి. అంత పెద్ద యంత్రం దాచగలిగినది 50 లక్షల అక్షరాలు మాత్రమే. నేడు అరచేతిలో ఇమిడే డిస్క్ దానికి లక్షల రెట్లు అధికంగా దాచుకొంటుంది. పరిమాణం మారినా దాని స్వభావం మాత్రం మారలేదు. పళ్లెం నిమిషానికి 5,400 సార్లో, 7,200 సార్లో తిరుగుతూ ఉంటుంది. చదివే ముల్లు దానిని తాకకుండా, వెంట్రుక మందం కంటె ఎన్నో రెట్లు తక్కువ ఎత్తులో తేలుతూ ఉంటుంది. ఒక కుదుపుకో, కరెంటు హెచ్చుతగ్గులకో, అరుగుదలకో ఆ అమరిక చెడితే పళ్లెంపైని సమాచారం అందకుండా పోతుంది.

తిరిగే భాగాలు లేని ఎస్.ఎస్.డి. సాధనాలు ఇప్పుడు వాడుకలోకి వచ్చాయి. వాటికి కుదుపుల భయం తక్కువ. అయినా అవీ చిరాయువులు కావు. హార్డ్ డిస్క్ చెడిపోయే ముందు ఒక్కొక్కసారి టకటకమనే శబ్దమైనా వినిపిస్తుంది. ఎస్.ఎస్.డి. చాలాసార్లు ఆ పాటి హెచ్చరిక కూడా చేయదు.

యంత్రం చెడకపోయినా సమాచారం పోవచ్చు. మనమే పొరపాటున చెరిపివేయవచ్చు. ల్యాప్‌టాప్ దొంగల పాలు కావచ్చు. 2017 మే నెలలో ‘వనాక్రై’ అనే దుష్ట సాఫ్ట్‌వేర్ ప్రపంచమంతటా వ్యాపించి, కంప్యూటర్లలోని ఫైళ్లకు తాళం వేసి, విడిపించడానికి సొమ్ము అడిగింది. ఇలాంటి దాడి జరిగినప్పుడు నకలు ప్రతి ఉన్నవారు యంత్రాన్ని శుభ్రం చేసుకొని, తమ ఫైళ్లను తిరిగి పెట్టుకోగలుగుతారు. లేనివారు దొంగ దయకు కట్టుబడవలసి వస్తుంది.

ఒక స్వానుభవం

ఈ విషయంలో నా స్వానుభవం ఒకటి చెప్పడం అవసరమని భావిస్తున్నాను.

మా అమ్మకు పెళ్లిపాటలు, మంగళహారతులు, దంపుళ్ల పాటలు చాలా వచ్చు. వాటిలో అనేకం ఏ పుస్తకంలోనూ లేవు. ఆమె వాటిని తన మేనత్త దగ్గర నేర్చుకొంది. సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడల్లా ఆమెచేత పాడించి, రికార్డు చేసి, నా కంప్యూటర్‌లో దాచేవాడిని. అది చూసిన నా పూర్వ విద్యార్థి ఒకడు, “సార్! రెండు వేలు పెట్టి బ్యాకప్ సాఫ్ట్‌వేర్ ఒకటి కొనుక్కోండి. మీరు మరచిపోయినా అది మరచిపోదు” అన్నాడు. నేను నవ్వి, “ప్రతి ఆదివారం అరగంట కూర్చుంటే అయిపోయే పనికి రెండు వేలు ఎందుకయ్యా!” అన్నాను.

ఏడు ఆదివారాలు క్రమం తప్పకుండా కూర్చున్నాను. పాటలన్నింటినీ బయటి డిస్క్‌లోకి ఎక్కించాను. ఎనిమిదో ఆదివారం నాటికి పరీక్ష పత్రాలు దిద్దే పని మీద పడింది. ఆ తరువాత బంధువుల ఇంట పెళ్లి, ఆపై కళాశాల తనిఖీ. ‘వచ్చే వారం చూద్దాం’ అనుకొంటూ నాలుగు నెలలు గడిపాను. ఒక ఉదయం కంప్యూటర్ తెరుచుకోలేదు. బాగుచేసే నిపుణుడు డిస్క్‌ను పరిశీలించి, అందులోనివి తిరిగి రావని తేల్చి చెప్పాడు.

ఏడు వారాలలో నకలు తీసిన పాటలు భద్రంగా ఉన్నాయి. ఆ నాలుగు నెలల్లో అమ్మ పాడిన పన్నెండు పాటలు పోయాయి. మళ్లీ పాడించుకోవచ్చునని మొదట ధైర్యం చెప్పుకొన్నాను. ఆ ఏడాదే అమ్మకు పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. మరుసటి ఏడు ఆమె మాకు దూరమైంది. రెండు వేలు మిగిల్చానని నాడు సంతోషించినవాడిని. నేడు ఎన్ని వేలు ఇచ్చినా ఆ పన్నెండు పాటలు దొరకవు.

నా లెక్కలో తప్పు ఎక్కడ ఉంది? వారానికి అరగంట నాకు నిజంగానే భారం కాదు. నేను అరగంటకు విలువ కట్టాను గాని, నా మరపుకు విలువ కట్టలేదు.

గంట విలువ కట్టడం ఎలా?

ఇప్పుడు లెక్కను కొంత క్రమపద్ధతిలో వేసి చూద్దాం. ఇక్కడి అంకెలు ఉదాహరణ కోసం తీసుకొన్నవి. ఎవరికి వారు తమ అంకెలను వేసుకోవాలి. బయటి డిస్క్ వెల మూడు పద్ధతులకూ సమానమే అనుకొందాం.

మొదటిది చేతిపని పద్ధతి. వారానికి అరగంట చొప్పున ఏడాదికి 26 గంటలు అవుతుంది. ధన వ్యయం లేదు.

రెండవది ఉచిత పద్ధతి. కంప్యూటర్‌తోపాటు వచ్చే సదుపాయాన్ని గాని, ఉచిత సాఫ్ట్‌వేర్‌ను గాని వాడుకోవడం. నేర్చుకొని అమర్చడానికి 6 గంటలు, నెలకు అరగంట చొప్పున పర్యవేక్షణకు మరో 6 గంటలు, వెరసి మొదటి ఏడు 12 గంటలు. రెండవ ఏటి నుంచి 6 గంటలే. దీనికీ ధన వ్యయం లేదు.

మూడవది చందా పద్ధతి. అమర్చడానికి గంట, నెలకు పది నిమిషాల చొప్పున 2 గంటలు, వెరసి మొదటి ఏడు 3 గంటలు. తరువాత ఏటా 2 గంటలు. చందా ఏడాదికి 3,000 రూపాయలు అనుకొందాం.

చేతిపని చేసే వ్యక్తి చందాకు మారితే మొదటి ఏడు 23 గంటలు మిగులుతాయి. వాటికి అతడు ఇచ్చిన వెల 3,000 రూపాయలు. అంటే గంటకు సుమారు 130 రూపాయలు. ఇది చవకగానే తోస్తుంది. కాని ఉచిత సాఫ్ట్‌వేర్ వాడే వ్యక్తి చందాకు మారితే మొదటి ఏడు మిగిలేవి 9 గంటలే. గంట వెల 333 రూపాయలు. ఉచిత పద్ధతి బాగా అలవాటైన రెండవ ఏటి నుంచి మిగిలేవి 4 గంటలు మాత్రమే. గంట వెల 750 రూపాయలకు పెరుగుతుంది.

ఈ లెక్క రెండు సంగతులను తెలుపుతుంది. మొదటిది: ఒక వస్తువు చవకా, ప్రియమా అన్నది దానిని దేనితో పోల్చామన్నదానిపై ఆధారపడి ఉంటుంది. చందా సాఫ్ట్‌వేర్ ప్రకటనలు తమను చేతిపనితో పోల్చి చూపవచ్చు. వివేకవంతుడు తనకు అందుబాటులో ఉన్న ఉత్తమమైన ఉచిత మార్గంతో పోల్చి చూడాలి. రెండవది: చేతిపని నుంచి ఉచిత పద్ధతికి మారడానికి రూపాయి ఖర్చు లేదు. మొదటి ఏడే 14 గంటలు మిగులుతాయి. కాబట్టి ఆ మొదటి అడుగు అందరూ వేయదగినది. ధనం వ్యయం చేయాలా, వద్దా అన్న చర్చ ఆ తరువాతనే మొదలవుతుంది.

ఉచిత మార్గాలకు నేడు కొదవ లేదు. ఆపిల్ కంప్యూటర్లలో 2007 నుంచి ‘టైమ్ మెషిన్’ అనే సదుపాయం ఉంది. అది గడచిన 24 గంటలకు గంటకొక ప్రతిని, గడచిన నెలకు రోజుకొక ప్రతిని, అంతకు ముందరి కాలానికి వారానికొక ప్రతిని చొప్పున, డిస్క్‌లో చోటు ఉన్నంతవరకు నిలుపుతుంది. విండోస్‌లో 2012 నుంచి ‘ఫైల్ హిస్టరీ’ అనే సదుపాయం వచ్చింది. లినక్స్ వాడేవారికి ‘ఆర్‌సింక్’ చిరపరిచితం. 1996లో ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మెకరాస్ రూపొందించిన ఈ సాఫ్ట్‌వేర్ పెద్ద ఫైలులో మారిన భాగాన్ని మాత్రమే గుర్తించి పంపుతుంది. వీటిని నేర్చుకోవడానికి పట్టే గంటలే వీటి వెల.

ఎవరి గంట ఎంత?

గంట విలువ అందరికీ ఒకటి కాదు. పెళ్లిళ్లకు ఛాయాచిత్రాలు తీసి జీవించే వ్యక్తికి ముహూర్తాల కాలంలో ఒక గంట అంటే ఒక గంట ఆదాయమే. పైగా ఒక పెళ్లి చిత్రాలు పోతే ఆ కుటుంబానికి మళ్లీ పెళ్లి చేయించలేడు. అతడు ధనం వెచ్చించి కాలాన్ని, నిశ్చింతను కొనుక్కోవడం సమంజసం. ఇంటి పని, ఉద్యోగం రెండింటినీ మోస్తున్న గృహిణికి అరగంట విశ్రాంతి కూడా విలువైనదే. ఆ విశ్రాంతికి జీతపు లెక్క లేదు గదా అని సున్నా వేయడం అన్యాయం.

ఇంటర్మీడియట్ చదివే విద్యార్థి స్థితి వేరు. అతని గంటను ఎవరూ వెల ఇచ్చి కొనడం లేదు. పైగా ఉచిత సాఫ్ట్‌వేర్‌ను అమర్చడంలో గడిపిన 6 గంటలు వ్యర్థం కావు. ఫైళ్లు ఎక్కడ ఉంటాయో, ఎలా కదులుతాయో అతడు నేర్చుకొంటాడు. ఆ కాలం ఖర్చు కాదు, చదువు. అయితే అదే విద్యార్థి పరీక్షకు పది రోజుల ముందు ఈ పనిలోకి దిగితే, ఆ 6 గంటలే అతనికి భారమవుతాయి. గంట విలువ మనిషిని బట్టే గాక సమయాన్ని బట్టి కూడా మారుతుంది.

యంత్రకాలం – మనిషికాలం

చాలామంది వేగాన్ని చూసి సాఫ్ట్‌వేర్‌ను కొంటారు. ఇక్కడ యంత్రానికి పట్టే కాలాన్ని, మనిషికి పట్టే కాలాన్ని వేరు చేసి చూడాలి. 500 గిగాబైట్ల సమాచారాన్ని సెకనుకు 100 మెగాబైట్ల వేగంతో బయటి డిస్క్‌లోకి ఎక్కించడానికి సుమారు గంటా ఇరవై మూడు నిమిషాలు పడుతుంది. అదే సమాచారాన్ని సెకనుకు 10 మెగాబిట్ల వేగం గల ఇంటర్నెట్ ద్వారా పంపితే నాలుగున్నర రోజులకు పైగా పడుతుంది. వేగం 100 మెగాబిట్లు అయితే 11 గంటలు చాలు.

నాలుగున్నర రోజులు అనగానే భయపడనవసరం లేదు. ఆ కాలమంతా మనం కంప్యూటర్ ముందు కూర్చోము. అది తన పని తాను చేసుకొంటుంది. మనం మన పని చేసుకొంటాం, నిద్రపోతాం. రాత్రిపూట జరిగే పనిని రెండు గంటల నుంచి ఒక గంటకు తగ్గించడానికి ధనం వెచ్చించడం వృథా. కాని సమాచారం పోయిన నాడు అదే సంఖ్య మరొక అర్థంలో ఎదురవుతుంది. దూరపు యంత్రంలోని 500 గిగాబైట్లు దిగే వరకు మనిషి ఎదురుచూడవలసినదే. రేపటి ఉదయమే పత్రం సమర్పించవలసినవారికి ఆ నిరీక్షణ ప్రాణాంతకం. అందువల్ల ‘తీయడానికి ఎంతసేపు?’ అని గాక, ‘తిరిగి పొందడానికి ఎంతసేపు?’ అని అడగడం విజ్ఞత.

నకలు తీసే విధానాలలో కూడా ఈ బేరమే కనిపిస్తుంది. ప్రతిసారీ మొత్తం సమాచారాన్ని తీయడం సంపూర్ణ నకలు. క్రితంసారి తరువాత మారినవాటిని మాత్రమే తీయడం క్రమవృద్ధి నకలు. చివరి సంపూర్ణ నకలు తరువాత మారినవన్నీ తీయడం భేద నకలు. ఆదివారం సంపూర్ణ నకలు తీసి, శనివారం డిస్క్ చెడిందనుకొందాం. క్రమవృద్ధి పద్ధతిలో ఆదివారపు ప్రతితోపాటు సోమవారం నుంచి శుక్రవారం వరకు ఐదు ప్రతులూ వరుసగా కావాలి. నడుమ ఒక్కటి చెడినా ఆ పై గొలుసు తెగిపోతుంది. భేద పద్ధతిలో ఆదివారపు ప్రతి, శుక్రవారపు ప్రతి చాలు. మొదటి పద్ధతిలో ప్రతిరోజూ కాలం మిగులుతుంది. ఆపద నాడు ఖర్చవుతుంది. రెండవ పద్ధతి రోజూ కొంత ఎక్కువ కాలం, చోటు తీసుకొని, ఆపద నాడు తొందరగా ఆదుకొంటుంది.

పరీక్షించని నకలు నకలు కాదు

ధనం పెట్టి కొన్న సాఫ్ట్‌వేర్ అయినా, కాలం పెట్టి అమర్చుకొన్నదైనా ఒక పని మాత్రం మనిషే చేయాలి. నకలు నుంచి ఫైలు తిరిగి వస్తున్నదో లేదో అప్పుడప్పుడు తెరచి చూడాలి.

1998లో పిక్సార్ సంస్థ ‘టాయ్ స్టోరీ 2’ చలనచిత్రాన్ని నిర్మిస్తూ ఉండగా, ఎవరో ఇచ్చిన ఒక ఆజ్ఞ వల్ల చిత్రానికి సంబంధించిన ఫైళ్లు చాలావరకు చెరిగిపోయాయి. సంస్థకు నకలు తీసే ఏర్పాటు ఉంది. తీరా చూస్తే ఆ నకలు సరిగా పనిచేయడం లేదు. సాంకేతిక విభాగంలో బాధ్యత వహిస్తున్న గేలిన్ సుస్మన్ పసిబిడ్డ తల్లి కావడంతో ఇంటి నుంచి పనిచేసేవారు. ఆమె ఇంటి కంప్యూటర్‌లో ఒక ప్రతి ఉంది. ఆ కంప్యూటర్‌ను దుప్పట్లలో చుట్టి, కారులో పదిలంగా తీసుకువచ్చారు. కోట్ల డాలర్ల సంస్థను నాడు ఆదుకొన్నది ఒక తల్లి ఇంట్లో ఉన్న ప్రతి.

2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే సంస్థలో ఒక ఉద్యోగి పొరపాటున అసలు సమాచారాన్నే చెరిపివేశాడు. నకలు తీసే ఏర్పాట్లు పలు విధాలుగా ఉన్నా అనేకం పనిచేయడం లేదని ఆనాడే బయటపడింది. యాదృచ్ఛికంగా కొద్ది గంటల ముందు తీసిన ఒక ప్రతి ఉండడంతో నష్టం ఆరు గంటల సమాచారానికి పరిమితమైంది. నిపుణులు నిండిన సంస్థలకే ఇలా జరిగితే, గృహస్థు మరింత జాగరూకుడై ఉండాలని వేరే చెప్పనక్కరలేదు. నెలకు ఒక ఫైలును తిరిగి తెరచి చూడడానికి పది నిమిషాలు చాలు. ఆ పది నిమిషాలను ఏ ధనంతోనూ కొనలేం.

ఒకే కప్పు కింద రెండు ప్రతులు

అమెరికా ఛాయాచిత్రకారుడు పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన సూత్రం ఒకటి ఉంది. మూడు ప్రతులు ఉండాలి. అవి రెండు విధాలైన సాధనాలలో ఉండాలి. వాటిలో ఒకటి వేరొక చోట ఉండాలి. ఈ చివరి నియమం విలువ మన ప్రాంతం వారికి బాగా తెలుసు. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ నదులు కర్నూలును ముంచెత్తాయి. 2024 సెప్టెంబరు ప్రారంభంలో బుడమేరు విజయవాడలోని ఇళ్లలోకి వచ్చింది. అలాంటి వేళ బల్ల మీది కంప్యూటరూ, పక్కన బీరువాలోని డిస్కూ ఒకే నీటిలో మునుగుతాయి. అన్నగారి ఇంట్లోనో, ఊళ్లోని తల్లిదండ్రుల దగ్గరో ఒక డిస్క్ ఉంచి, పండుగకు వెళ్లినప్పుడు మార్చుకోవడం కాలం ఇచ్చే మార్గం. ఇంటర్నెట్ ద్వారా దూరపు యంత్రాలలో దాచే సేవకు చందా కట్టడం ధనం ఇచ్చే మార్గం. ఏదైనా మేలే; రెండూ లేకపోవడం ప్రమాదం.

ఫైళ్లను పలు యంత్రాలలో ఒకే తీరుగా ఉంచే సేవలను కొందరు నకలు అని భ్రమపడతారు. అవి అద్దం వంటివి. ఒకచోట చెరిపితే అన్నిచోట్లా చెరిగిపోతుంది. పాత ప్రతులను కొంతకాలమైనా నిలిపి ఉంచే సదుపాయం ఉంటేనే అది నకలుకు సమీపమవుతుంది. అలాగే కంప్యూటర్‌కు ఎల్లవేళలా తగిలించి ఉన్న డిస్క్‌ను దుష్ట సాఫ్ట్‌వేర్ కూడా చేరగలదు. పని ముగిశాక దానిని విడదీసి పెట్టడం మంచిది.

ధనం కొనలేనివి

చందా కట్టినంత మాత్రాన బాధ్యత తీరిపోదు. ‘క్రాష్‌ప్లాన్’ అనే పేరు గల సేవ గృహ వినియోగదారులకు తన సేవను నిలిపివేస్తున్నట్లు 2017 ఆగస్టులో ప్రకటించి, 2018 అక్టోబరులో ముగించింది. దానిని నమ్ముకొన్నవారు మళ్లీ వేరొక సేవను వెదకి, సమాచారాన్ని మొదటి నుంచి పంపుకోవలసి వచ్చింది. వారు ధనంతో కొనుక్కొన్న కాలంలో కొంత భాగం అలా తిరిగి ఖర్చయింది. వెలలు కూడా స్థిరంగా ఉండవు. ‘బ్యాక్‌బ్లేజ్’ అనే సేవ 2008లో నెలకు 5 డాలర్లతో మొదలై, 2023 నాటికి 9 డాలర్లకు చేరింది. కాబట్టి లెక్క వేసేటప్పుడు ఒక్క ఏడాదికి గాక ఐదేళ్లకు వేయాలి.

సమాచారానికి రహస్య లిపి తాళం వేసుకొనే సదుపాయం ఉన్నచోట మరొక జాగ్రత్త అవసరం. ఆ తాళపు మాట మనకు మాత్రమే తెలిసే ఏర్పాటులో, దానిని మరచిపోతే సంస్థవారు కూడా తెరవలేరు. దానిని కాగితంపై రాసి, ఇంటి దస్తావేజులతోపాటు భద్రపరచాలి. ఇంటిలో మరొకరికి కూడా దాని జాడ తెలిసి ఉండాలి.

ఎంపికకు ముందు ప్రతి ఒక్కరూ మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఎన్ని రోజుల పనిని పోగొట్టుకొన్నా తట్టుకోగలను? సమాచారం తిరిగి రావడానికి ఎంతసేపు ఆగగలను? ఎవరూ గుర్తుచేయకపోయినా ఈ పనిని ఏడాది పొడవునా నేను చేయగలనా? మూడవ ప్రశ్నకు నిజాయితీగా ‘చేయలేను’ అని సమాధానం వస్తే, తనంతట తాను పనిచేసే సాఫ్ట్‌వేర్ అత్యవసరం. అది ఉచితమా, చందాదా అన్నది తరువాతి మాట. మనం ధనం ఇచ్చి కొనేది నిమిషాలను మాత్రమే కాదు, క్రమశిక్షణను కూడా.

అన్ని ఫైళ్లకూ ఒకే రక్షణ అవసరం లేదు. మళ్లీ దింపుకోగలిగిన సినిమాకు నకలు అనవసరం. కష్టపడి మళ్లీ రాయగలిగిన పత్రానికి ఒక నకలు చాలు. మళ్లీ సృష్టించలేని గొంతుకూ, ముఖానికీ, సంతకానికీ మూడు ప్రతులు ఉన్నా ఎక్కువ కావు. కాలంతో ధనాన్ని, ధనంతో కాలాన్ని మార్చుకోవచ్చు. కాని పోయిన తరువాత రెండింటితోనూ కొనలేనివి కొన్ని ఉంటాయి. వాటిని గుర్తించి ముందుగా నకలు తీసుకోవాలి. మా అమ్మ పాటల్లో మిగిలినవి ఇప్పుడు మూడు చోట్ల ఉన్నాయి. ప్రతి నెల మొదటి ఆదివారం వాటిలో ఒకటి తెరచి వింటాను. నకలును పరీక్షించడానికే వింటున్నానని ఇంట్లోవాళ్లకు చెబుతాను.

కఠిన పదాలకు అర్థాలు

గంటం = తాటాకుపై రాసే ఇనుప కలం
కాలగర్భంలో కలియు = నశించిపోవు
ప్రతీతి = ప్రసిద్ధి
చిరాయువు = దీర్ఘమైన ఆయువు గలది
వెరసి = మొత్తంగా
ప్రియం = అధిక వెల గలది
కొదవ = లోటు
నిరీక్షణ = ఎదురుచూపు
విజ్ఞత = తెలివి
జాగరూకుడు = మెలకువ గలవాడు

సందర్భసహిత వ్యాఖ్యలు

1. మీరు మరచిపోయినా అది మరచిపోదు.
2. ఆ కాలం ఖర్చు కాదు, చదువు.
3. ఆ పది నిమిషాలను ఏ ధనంతోనూ కొనలేం.

వ్యాసరూప సమాధాన ప్రశ్నలు

1. చేతిపని, ఉచిత, చందా పద్ధతులలోని కాలధనాల లెక్కను వివరించి, ఆ లెక్క తెలిపే రెండు సంగతులను రాయండి.
2. ‘పరీక్షించని నకలు నకలు కాదు’ – సోదాహరణంగా నిరూపించండి.

సంగ్రహరూప సమాధాన ప్రశ్నలు

1. రచయిత తన లెక్కలో జరిగిన తప్పును ఏ విధంగా గుర్తించాడు?
2. క్రమవృద్ధి నకలుకు, భేద నకలుకు గల తేడా ఏమిటి?
3. నకలు ప్రతి వేరొక చోట ఎందుకు ఉండాలి?

ఏకవాక్య సమాధాన ప్రశ్నలు

1. అన్నమయ్య సంకీర్తనల రేకులు ఏ సంవత్సరంలో వెలుగు చూశాయి?
2. ‘ఆర్‌సింక్’ రూపకర్తలు ఎవరు?
3. పీటర్ క్రోగ్ సూత్రం ప్రకారం మొత్తం ఎన్ని ప్రతులు ఉండాలి?

సంధులు

స్వానుభవం = స్వ + అనుభవం – సవర్ణదీర్ఘ సంధి
అత్యవసరం = అతి + అవసరం – యణాదేశ సంధి
చిరాయువు = చిర + ఆయువు – సవర్ణదీర్ఘ సంధి

సమాసాలు

కాలధనాలు = కాలమును, ధనమును – ద్వంద్వ సమాసం
రాగిరేకులు = రాగితో చేసిన రేకులు – తృతీయా తత్పురుష సమాసం
మూడు ప్రతులు = మూడు సంఖ్య గల ప్రతులు – ద్విగు సమాసం

అభ్యాసం

మీ ఇంటి కంప్యూటర్‌లో గాని, ఫోన్‌లో గాని ఉన్న సమాచారాన్ని ‘మళ్లీ దొరికేవి, మళ్లీ చేయగలిగినవి, మళ్లీ రానివి’ అని మూడు భాగాలుగా విభజించి పట్టిక తయారుచేయండి. మళ్లీ రాని వాటికి నకలు తీయడానికి మీ ఇంటివారికి అనువైన పద్ధతిని ఎంచుకొని, ఏడాదికి అయ్యే గంటలను, రూపాయలను లెక్కకట్టండి.